నేను దిబ్బలెక్కిన పొద్దు

ఏడేళ్ళ వయసు నుంచి ఇరవై రెండేళ్ళు వచ్చేవరకు నేను పరుగెత్తలేదు. పరుగెత్తలేక కాదు, పరుగెత్తకూడదని మా ఇంట్లో నియమం.

యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరక్క సాయంత్రాలు పెందలాడే వంటిల్లు సర్దేసుకునేవాళ్ళం. ఆ రోజుల్లో నాకు కీళ్ళు వాచి జ్వరం వచ్చింది. మోకాళ్ళు ముట్టుకుంటే కేకలు పెట్టేవాణ్ణట. మూడు వారాలైనా జ్వరం తగ్గకపోతే నాన్నగారు అమలాపురం వెళ్ళి ఒక డాక్టరుగారిని జట్కాలో వెంటబెట్టుకొచ్చారు. ఆయన నా రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. తర్వాత వీధి అరుగు మీదకు వెళ్ళి చెప్పిన మాటలు, లోపల మంచం మీదున్న నాకూ వినిపించాయి.

"గుండె చప్పుడులో తేడా ఉందండి. పిల్లాణ్ణి కాస్త జాగ్రత్తగా పెంచుకోండి."

"మందేమైనా ఇస్తారాండి?" అన్నారు నాన్నగారు.

"జ్వరానికి ఇస్తానండి. గుండెకి మాత్రం జాగ్రత్తే మందండి."

ఆయన మంచివాడు. వినిపించింది వినిపించినట్టు చెప్పాడు. ఎన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలో ఆయన చెప్పలేదు, మావాళ్ళూ అడగలేదు. నాలుగేళ్ళకి నాన్నగారు విషజ్వరంతో పోయారు. ఆ తర్వాత ఆ జాగ్రత్త అనే మాట మొత్తంగా అమ్మ చేతికి వచ్చింది.

కాలవలో ఈత లేదు. సైకిలు లేదు. జాంచెట్టు ఎక్కడం లేదు. బళ్ళో డ్రిల్లు పీరియడులో అందరూ చొక్కాలు విప్పి పరుగులు తీస్తుంటే నేను గోడ నీడన ఆ చొక్కాలకు కాపలా కూర్చునేవాణ్ణి. గట్టిగా నవ్వినా అమ్మ వచ్చి, "చాల్లేరా, ఆయాసం వస్తుంది" అనేది. రోజుకి ఎన్నిసార్లు ఆ మాట వినేవాణ్ణో లెక్కలేదు. పొద్దున్నే నన్ను లేపేముందు వీపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచేది. చల్లటి చెయ్యి. నాకు మెలకువ వచ్చినా కళ్ళు తెరిచేవాణ్ణి కాదు. ఆవిడ వింటున్నది నా గుండెనే అని తెలుసు. అందుకని నేనూ వినేవాణ్ణి.

నాకు ఒక అక్క. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. బడికి వెళ్ళేటప్పుడు నా సంచీ అక్కే మోసేది. నేను కాస్త వడిగా అడుగు వేస్తే చొక్కా వెనక నుంచి పట్టుకునేది. నాకు విసుగ్గా ఉండేది. తనకెలా ఉండేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. తర్వాత దానికి పెళ్ళయి ఉప్పలగుప్తం అవతల, సముద్రం వైపు ఒక ఊరికి కాపురానికి వెళ్ళింది.

నాకు ఇరవై రెండో ఏట గుమాస్తా ఉద్యోగం ఒకటి వచ్చింది. చేరాలంటే ఒంట్లో ఏ జబ్బూ లేదని డాక్టరు సర్టిఫికెట్ తేవాలన్నారు. అక్కడే ఆగిపోతుందనుకున్నాను. అమ్మ కూడా, "పోనీలే, రాకపోతే రాకపోయింది" అంది ముందుగానే. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటి, కోటిపల్లిలో బస్సెక్కి కాకినాడ వెళ్ళాను. అక్కడి డాక్టరుగారు నడివయసు మనిషి, కాస్త దురుసు. నేను మొహమాటపడుతూ చిన్నప్పటి సంగతంతా చెప్పాను. ఆయన విని, "ఒంటికాలి మీద పాతిక గెంతులు గెంతు" అన్నాడు.

పది గెంతి ఆగిపోయాను.

"ఆగమన్నానా?"

"భయమండీ."

"గెంతు."

పాతికా గెంతాక పడుకోబెట్టి విన్నాడు. కూర్చోబెట్టి విన్నాడు. పక్కకి తిప్పి విన్నాడు. చివరికి గొట్టం మెడలో వేసుకుని, "అప్పుడు ఉండే ఉంటుందోయ్. ఆ జ్వరానికి గుండెలో అలాంటి చప్పుడొస్తుంది. కొందరికి ఉండిపోతుంది, కొందరికి పోతుంది. నీకు పోయింది. ఎప్పుడో పోయుంటుంది" అన్నాడు.

"అయితే పరుగెత్తొచ్చాండీ?"

ఆయన సంతకం పెడుతూ నవ్వాడు. "పరుగేంటి, కొండెక్కు."

"మా కోనసీమలో కొండల్లేవండి."

"ఉన్నదేదో అదెక్కు."

ఇంటికొచ్చి చెబితే అమ్మ నమ్మలేదు. "ఆయన నిన్ను ఒక్కసారి చూసేడు. నేను పదిహేనేళ్ళు చూసేను" అంది. సర్టిఫికెట్ తీసి పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు. అంత పెద్ద విషయం ఒక గదిలో, పాతిక గెంతులతో తేలిపోతుందా? పది పన్నెండు రోజులు మామూలుగానే మెల్లగా నడిచాను. వీధి అరుగు ఎక్కేటప్పుడు మామూలుగానే స్తంభం పట్టుకున్నాను. ఉద్యోగంలో చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. "అక్కని చూసొస్తానమ్మా" అని బయల్దేరాను. జట్కాలో వెళ్ళమని పదిసార్లు చెప్పి పంపింది.

అక్క ఊరు చివర నుంచి చూస్తే, సరుగుడు తోటల పైన రెండు ఇసుక దిబ్బలు కనిపించేవి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఆ ఊరివాళ్ళు వాటిని చిన్న దిబ్బ, పెద్ద దిబ్బ అనే అంటారు. పెద్దది మహా అయితే ఒక తాటిచెట్టు ఎత్తు ఉంటుంది. కొండలున్న దేశంవాళ్ళకు చెబితే నవ్వుతారు. మాకు మాత్రం గోదావరి గట్టు కన్నా ఎత్తయినది అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే అక్క పొయ్యి ముట్టిస్తోంది. బావగారు కొబ్బరికాయల బేరానికి ఊరెళ్ళారు. "కాస్త అలా సముద్రం వైపు నడిచొస్తానే" అన్నాను. అక్క తలెత్తి చూసింది.

"నేను రానా?"

"వద్దులే. మెల్లగానే నడుస్తాను."

"భోజనాల వేళకి వచ్చెయ్యాలి మరి. అమ్మకి తెలిస్తే నన్ను తిడతాది."

మాఘమాసం. పొలాల మీద మంచు ఇంకా విడలేదు. వరిచేలు దాటి, కొబ్బరితోటలు దాటి, సరుగుడు తోటలోకి వెళ్ళేసరికి కాలికింద మట్టి పోయి ఇసుక వచ్చింది. అడుగు వేస్తే లోపలికి దిగిపోతోంది. చెప్పులు చేతిలో పట్టుకున్నాను. నాలుగడుగులకే పల్లేరుకాయ గుచ్చుకుంది, మళ్ళీ తొడుక్కున్నాను. సరుగుడు తోట అయిపోయాక తుప్పలు మొదలయ్యాయి. మొగలి పొదలు, ఈత పొదలు, మధ్యమధ్య నేలకి వంగి పాకిన జీడిమామిడి చెట్లు. మేకలు తిరిగిన దారులు పదో పన్నెండో ఉన్నాయి. ఏది పట్టుకున్నా కొంతదూరం వెళ్ళి ఒక పొద దగ్గర ఆగిపోతుంది. మొగలి ఆకు అంచులు రంపంలా ఉంటాయి. చొక్కా చెయ్యి చిరిగింది. మోచేతి మీద గీత పడి నెత్తురు చిమ్మింది. ఆ పొదల్లో తాచులుంటాయని చిన్నప్పటి నుంచి వినడమే గాని ఎప్పుడూ ఇంత దగ్గరగా వెళ్ళలేదు. ఒక సరుగుడు కొమ్మ విరిచి, దాంతో ముందు నేల కొట్టుకుంటూ నడిచాను. ఒకచోట ఏదో బరబరా పాకి ఈతపొదలోకి దూరింది. నిలబడిపోయాను. ఉడుము. అది ఎంత భయపడిందో నేనూ అంతే భయపడ్డాను.

అరగంట అలా తిరిగాక చిన్న దిబ్బ ఎదురుగా వచ్చింది. ఎక్కడం మొదలుపెట్టాను. రెండడుగులు పైకి వేస్తే ఒక అడుగు కిందికి జారుతుంది. చేతులు కూడా ఆనించి పాకాను. పైకి చేరి నిలబడ్డాను. సముద్రం కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు. ఎదురుగా పెద్ద దిబ్బ అడ్డం ఉంది. రెంటికీ నడుమ పల్లంలో మళ్ళీ తుప్పలు. గాలి మాత్రం ముఖానికి ఉప్పగా తగిలింది. అంత చిన్న ఎత్తు మీద నుంచే లోకం నాకు కొత్తగా కనిపించింది.

అప్పుడొక పిచ్చిపని చేశాను. అవతలి వాలు దిగబోతుంటే కాళ్ళు వాటంతటవే వడి అందుకున్నాయి. ఆపుకోవాలంటే ఆపుకోగలిగేవాణ్ణే. ఆపుకోలేదు. చెప్పులొక చోట, కర్రొక చోట పడిపోయాయి. పంచె ఎగ్గట్టి పల్లంలోకి పరుగెత్తాను. పదిహేనేళ్ళ తర్వాత పరుగు. ఒక్క నిమిషం కూడా ఉండదు.

కిందకి చేరి ఆగాక మొదలైంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. గొంతులో కొట్టుకుంటోంది. ఊపిరి లోపలికి పీలిస్తే చాలడం లేదు. కళ్ళముందు నల్లటి చుక్కలు తేలాయి. ఒక జీడిమామిడి చెట్టు కింద కూలబడి మొదలుకి ఆనుకున్నాను. ఇదే అది, అనుకున్నాను. అమ్మ చెప్పిందే నిజం. కాకినాడ డాక్టరు చూడనిది ఇప్పుడు బయటపడింది. ఇక్కడ పోతే ఎవరికి తెలుస్తుంది? అక్క భోజనాలకి పిలవడానికి గుమ్మంలోకి వస్తుంది. మేకల కోసం వచ్చినవాళ్ళెవరో చూసి చెబితే తప్ప ఎవరికీ తెలియదు. నా చెయ్యి నా గుండె మీద పెట్టుకుని, అది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నాను.

అంతలో ఎండిన ఆకు గలగలలాడింది. ఒక ముసలామె పొదల్లోంచి వచ్చింది. నెత్తిన సరుగుడు ఆకు మోపు. మనిషి కనిపించనంత మోపు. అరవై దాటి ఉంటాయి. మోకాళ్ళ పైకి చీర కట్టుకుంది. నన్ను చూసి ఆగింది.

"ఏటండీ బాబూ, అలా కూకున్నారు? ఒంట్లో బాలేదాండీ?"

"గుండె..." అన్నాను. "గుండె కొట్టుకుంటోంది మామ్మా."

ఆవిడ మోపు దించి నా ముందు గొంతుక్కూర్చుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. వెనక్కి తిరిగి దిబ్బ వాలు మీద నా కాళ్ళు చేసిన గుంటలు చూసింది.

"ఆ దిబ్బ మీంచి పరుగెట్టేరాండీ?"

"ఊఁ."

"మరి కొట్టుకోదేటండీ?"

నేను అర్థంకానట్టు చూశాను.

"నాదీ కొట్టుకుంటందండి. మోపెత్తుకుని ఈ ఇసక పర్రంతా నడిచొచ్చేను. మడిసన్నాక కొట్టుకోదేటండీ? కొట్టుకోపోతే భయపడాల గానీ!"

"నాకు చిన్నప్పుడు గుండె జబ్బు చేసింది మామ్మా."

"ఆయ్," అంది, అదేమంత వింత సంగతి కాదన్నట్టు. నడుముకి కట్టుకున్న సొరబుర్ర విప్పి, "రెండు గుక్కలు పుచ్చుకోండి. గబగబా తాగకండి. తగ్గిపోద్ది. తగ్గిందాకా నేనిక్కడే ఉంటానండి" అంది.

నీళ్ళు కాస్త ఉప్పగా, చల్లగా ఉన్నాయి. తాగి బుర్ర తిరిగి ఇచ్చాను. ఆవిడ నావైపు చూడకుండా అరికాల్లో దిగిన ముల్లు తీసుకుంటూ కూర్చుంది. ఆవిడ రొమ్ము కూడా ఎగిసిపడుతోంది. మెడ మీద నరం కొట్టుకుంటోంది. నేను ఆ నరం వైపే చూశాను. నా చెయ్యి ఇంకా నా గుండె మీదే ఉంది. కాసేపటికి ఆవిడది నెమ్మదించింది. ఇంకాసేపటికి నాదీ నెమ్మదించింది. నల్లచుక్కలు పోయాయి. ఊపిరి అడుగంటా వెళ్ళింది. ఎక్కడా నొప్పి లేదు.

"తగ్గిందాండీ?"

"తగ్గింది మామ్మా."

"అదేనండి ఆయాసం. వొస్తది, పోద్ది."

చిన్నప్పటి నుంచీ వింటున్న మాట. అదెలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అది రాకుండా పదిహేనేళ్ళు నన్ను కాపాడారు. అందుకని అది రాగానే చావనుకున్నాను. అందరికీ వచ్చిపోయేదేనని, మోపు మోసే ముసలామెకి రోజూ వస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఎవరైనా చెబుతారా ఇలాంటి సంగతి? వాళ్ళకది సంగతే కాదు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. ఆవిడ కూడా ఎందుకో తెలియకుండానే బోసినోటితో నవ్వింది.

"ఎక్కడికెళ్తున్నారండీ ఇంతకీ?"

"పెద్ద దిబ్బ ఎక్కుదామని."

"దాని మీదేం ఉందండీ?"

"ఏమీ లేదు. ఊరికే."

ఆవిడ నా ముఖంలోకి చూసి, చదువుకున్నవాళ్ళ పిచ్చి చదువుకున్నవాళ్ళకే తెలియాలి అనుకుందేమో, తల ఊపింది. "అయితే ఎడంపక్కన ఎక్కండి. అటేపు ఇసక గట్టిగా ఉంటది. ఇటేపు ఎక్కేరంటే జారిపోతారు. నా మోపు కాస్త ఎత్తండి బాబూ."

మోపు ఎత్తి ఆవిడ తల మీద పెట్టాను. బరువే. ఆవిడ మెడ నిలబెట్టి, రెండుసార్లు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆవిడ ఊరేదో పేరేదో నేను అడగలేదు. అప్పుడు తోచలేదు.

చెప్పులు వెతుక్కుని ఎడమవైపు నుంచి ఎక్కాను. నిజంగానే ఆ వైపు ఇసుక గట్టిగా ఉంది. నీలిరంగు పూల తీగ ఒకటి అల్లుకుని ఇసుకని పట్టి ఉంచింది. మూడుచోట్ల ఆగాను. ఆగిన ప్రతిసారీ గుండె వడిగా కొట్టుకునేది. నేను నిలబడి ఎదురుచూసేవాణ్ణి. అది నెమ్మదించేది. మొదటిసారి భయంతో చూశాను. రెండోసారి వేడుకగా చూశాను. మూడోసారి చూడడం మరిచిపోయి, పైనున్న రావణాసురుడి మీసం గడ్డి గాలికి ఎలా ఊగుతోందో చూస్తున్నాను.

పైకి వెళ్ళాక సముద్రం ఒక్కసారి కనిపించింది. ఆ అలలు, దూరంగా మూడు తెరచాపలు. వెనక్కి తిరిగితే కోనసీమ. ఇళ్ళు లేవు, కాలవలు లేవు, దారులు లేవు. కొబ్బరిచెట్ల తలలు మాత్రం, కనుచూపు మేర, ఒకే ఎత్తులో. అక్కడక్కడ పొయ్యిల పొగ. మా ఊరు ఎటువైపో కూడా పోల్చుకోలేకపోయాను. పైన ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చెమట ఆరిపోయి ఒంటి మీద ఉప్పు చారలు కట్టింది. సముద్రం వైపు వాలు నున్నగా ఉంది. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఉద్యోగం వచ్చినవాణ్ణి, పంచె సర్దుకుని కూర్చుని కిందదాకా జారాను. జారాక తెలిసింది, ఇంటికి పోవాలంటే మళ్ళీ ఎక్కాలని. ఎక్కాను. ఈసారి ఒక్కచోటే ఆగాను.

తిరుగుదారిలో మొగలి పొదల మధ్య మళ్ళీ కాస్త దారి తప్పాను గానీ, సరుగుడు తోట ఎటో పైనుంచి చూసి పెట్టుకున్నాను కాబట్టి కంగారు పడలేదు. పొలాల్లోకి వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. అక్క చేను గట్టు మీద నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నన్ను చూసి గబగబా ఎదురొచ్చింది.

"ఎక్కడికి పోయేవురా? ఏంటా చొక్కా? ఆ నెత్తురేంటి?"

"మొగలాకు గీసుకుందే. దిబ్బలెక్కేను."

"దిబ్బలా?"

"రెండూ. పెద్దది రెండుసార్లు. పరుగెత్తేను కూడా."

అక్క తిడుతుందనుకున్నాను. నా ముఖం చూసింది. పెదవులు, చేతిగోళ్ళు పట్టి చూసింది. నీలంగా ఉన్నాయేమోనని చిన్నప్పుడు అమ్మ చూడమనేది. తర్వాత గట్టు మీద అలాగే కూర్చుండిపోయి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏమైందే? నాకేం కాలేదుగా?"

"అందుకేరా," అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీకు తెలీదురా. బడికి వెళ్ళేటప్పుడు నీ చొక్కా పట్టుకుని నడిచేదాన్ని కదా. రోజూ అనుకునేదాన్ని, ఇవాళ నా చేతిలోనే పడిపోతావేమోనని. పడిపోతే అమ్మకేం చెప్పాలా అని. అప్పటికి నాకు పదకొండేళ్ళురా. పెళ్ళయి ఇక్కడికొచ్చేసేక నీ దగ్గర లేనందుకు ఎంత తేలికయిందో. ఆ తేలికకి మళ్ళీ ఏడ్చేదాన్ని."

పదిహేనేళ్ళూ ఆ జబ్బు నా ఒక్కడిదే అనుకున్నాను. గట్టు మీద అక్క పక్కన కూర్చున్నాను. నా చేతికి అంటిన ఇసుక దులిపింది. కాసేపటికి, "అన్నం చల్లారిపోయింది, లే" అంది. ఆ పూట నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. అక్క కూడా నాతోపాటే కూర్చుని తింది. ముసలామె సంగతి చెబితే, "ఆవిణ్ణి ఇంటికి తీసుకురావల్సిందిరా" అని పదేపదే అంది.

మూడోరోజు ఇంటికి వెళ్ళాను. జట్కా ఎక్కలేదు. అమ్మ వీధి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. దాచకుండా చెప్పాను. దిబ్బలు, పరుగు, కళ్ళముందు నల్లచుక్కలు, ముసలామె, అన్నీ. అమ్మ చేతిలో చింతపండు అలాగే పట్టుకుని వింది.

"కళ్ళు తిరిగేయా?"

"తిరిగేయి. మళ్ళీ తగ్గేయి. ఎక్కినప్పుడల్లా ఆయాసం వచ్చింది, ఎక్కినప్పుడల్లా పోయింది."

"నొప్పి?"

"లేదమ్మా. కాళ్ళు మాత్రం ఇప్పటికీ నొప్పులు."

"ఇప్పుడు ఎలా వచ్చేవు?"

"నడిచే."

"అక్కడినుంచా?"

"అక్కడినుంచే."

అమ్మ చింతపండు చేటలో పడేసి చేతులు దులుపుకుంది. రమ్మని సైగ చేసింది. నా వీపు మీద చెయ్యి పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. స్తంభానికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. అలా కాళ్ళు చాపుకుని కూర్చోవడం నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

"ఈ మాట మీ నాన్నగారు వినుంటే బాగుండేదిరా," అంది.

తర్వాత కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందేమో అనుకున్నాను. నిద్ర కాదు. పెదవుల చివర నవ్వు ఉంది. నేను పక్కన కూర్చుని, మిగిలిన గింజలు తీశాను.